శనివారం తీసిన సూది

బైబిల్లోని పది ఆజ్ఞలూ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. మొన్న కంటి ఆపరేషన్‌కి బల్ల మీద పడుకోబెట్టినప్పుడు భయం పోవడానికి మనసులో అవే చెప్పుకున్నాను. మూడు దాకా బాగానే నడిచింది. నాలుగోది వచ్చేసరికి ఎప్పటిలాగే ఆగిపోయాను. పెదాలు కదలడం ఆగేసరికి నేను నిద్రపోయాననుకుంది నర్సమ్మ. నిద్ర కాదు తల్లీ, సిగ్గు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. సికింద్రాబాదులో కార్ఖానా దగ్గర వరసగా కట్టిన పెంకుటిళ్లలో ఒకదాంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. మాది గుంటూరు వైపు. నాన్న మిలిటరీ స్టోర్సులో గుమాస్తాగా వచ్చి, రెండేళ్లకే జ్వరంతో పోయాడు. ఆయన కొన్న కుట్టుమిషనే ఆ తర్వాత మాకు అన్నం పెట్టింది. స్కూలు పిల్లల గౌన్లు, నర్సుల దుస్తులు, కంటోన్మెంటు బంగళాల కిటికీ తెరలు, ఏది వచ్చినా అమ్మ కాదనేది కాదు. ఒక్క ఆదివారం తప్ప.

ఆదివారం మాకు విశ్రాంతి దినం. శనివారం దీపాలు పెట్టే వేళకి అమ్మ మిషన్ తుడిచి, నూనె వేసి, సూది ఊడదీసి చిన్న రేకు డబ్బాలో పెట్టేది. పైన తెల్ల గుడ్డ కప్పేది. కప్పితే చాలదా, సూది తీయడం ఎందుకని అడిగితే, "నా చెయ్యి సంగతి నాకు తెలుసు, సూది కనపడితే ఊరుకోదు" అనేది. ఆ రోజు పొయ్యి కూడా వెలిగేది కాదు. శనివారం చేసిన పులిహోరే రెండు పూటలా తినేవాళ్లం. ఒకసారి ఒక మేజరు గారి భార్య, సోమవారం పొద్దుటికి బట్టలు కావాలని పెద్ద పని తెస్తే అమ్మ చేతులు జోడించి పంపేసింది. ఆ వారమంతా గంజి తాగాం. అయినా మా చర్చిలో మా అమ్మంత నిష్ఠ గలవాళ్లు లేరని నాకు లోలోపల గొప్పగా ఉండేది.

ఆ ఏడే సండే స్కూల్లో పది ఆజ్ఞలూ ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పినందుకు నాకు రంగుల బొమ్మ ఉన్న కార్డు బహుమతిగా ఇచ్చారు. దాన్ని గోడకి అంటించుకుని, ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆజ్ఞలు వినిపించేదాన్ని. అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ. అదొక నోటి దూల.

పక్కింట్లో ఒక ముస్లిం ముసలమ్మ ఒంటరిగా ఉండేది. అమ్మ ఆమెను అక్కా అన్నట్టు ఆపా అనేది, నేను పిన్నీ అన్నట్టు ఖాలా అనేదాన్ని. భారీ మనిషి, మోకాళ్ల నొప్పులు. సూదిలో దారం ఎక్కించాలంటే నన్ను పిలిచేది, చూపు అంతగా తగ్గింది. ఒక్కగానొక్క కూతుర్ని బీదర్ వైపు ఒక ఊళ్లో ఇచ్చింది. రజాకార్ల రోజుల్లో, ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు ఎవరెవరున్నారని కొందరు మనుషులు ఇల్లిల్లూ తిరిగారు. ఖాలా వచ్చి మా గడప మీద కూర్చుంది. "ఈళ్లు నా మనుషులు. ఈడనే పుట్టిండ్రు, ఈడనే పెరిగిండ్రు. పోండ్రి" అంది. మేం ఒక్క మాట మాట్లాడితే చాలు, మా యాస మమ్మల్ని పట్టించేసేది. వాళ్లు వెళ్లిపోయారు. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న తొమ్మిదో ఆజ్ఞని ఖాలా మీరిందని నేను అమ్మతో అన్నాను. అమ్మ నా నెత్తిన ఒక్కటి మొట్టింది.

తర్వాత పోలీసు యాక్షన్ జరిగింది. బొల్లారంలో ఇండియా సైన్యం దిగిందని జనం పూలదండలు పట్టుకుని పోయారు. ఖాలా నాలుగు రోజులు తలుపు తీయలేదు. తీసేసరికి జిల్లాల నుంచి కబుర్లు రావడం మొదలైంది. బీదర్ వైపు ఊళ్లలో ముస్లిం మగవాళ్లని చంపారనీ, ఆడవాళ్లు బావుల్లో దూకారనీ అన్నారు. ఖాలా రోజూ స్టేషన్‌కి వెళ్లి, ఆ వైపు నుంచి దిగినవాళ్లని అడిగి, కాళ్లీడ్చుకుంటూ తిరిగొచ్చేది.

మూడు వారాలైంది. ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాం. ఖాలా వచ్చింది. చేతిలో తెల్ల గుడ్డ ముక్క ఉంది.

"బిడ్డా, రేపు పొద్దుగాల బండికి పోతున్న. నా బిడ్డకు నెలలు నిండినయి, ఖబర్ లేదు. బురఖాల పోతే తొవ్వలనే నరుకుతరంటున్నరు. నీ చీర ఒకటియ్యి. నీ లెక్క కట్టుకొని పోత. కిరస్తానం ముసల్ది అనుకుంటరు."

అమ్మ ఎంగిలి చెయ్యి కడుక్కుని పెట్టె తీసి తెల్ల చీర ఇచ్చింది. జాకెట్టు దగ్గర చిక్కొచ్చింది. అమ్మది బక్క ప్రాణం. ఆమె జాకెట్టు ఖాలా చేతికి కూడా ఎక్కదు.

"గీ గుడ్డతోని జెర ఒక్క జాకెట్టు కుట్టియ్యి బిడ్డా. నీకెంతసేపు" అంది ఖాలా.

అమ్మ దారంతో ఖాలా భుజాలు కొలిచింది. మిషన్ దగ్గరికి వెళ్లి పైగుడ్డ తీసింది. రేకు డబ్బా అందుకుని మూత తెరిచింది.

అప్పుడు నేను మాట్లాడాను. "అమ్మా, ఇవాళ ఆదివారం." అంతటితో ఊరుకున్నా సరిపోయేది. చేతులు కట్టుకుని, విశ్రాంతి దినాన ఏ పనీ చేయకూడదన్న నాలుగో ఆజ్ఞ మొత్తం అప్పజెప్పాను. నువ్వూ, నీ కొడుకూ, నీ కూతురూ, దాసులూ, పశువులూ, నీ ఇంట ఉన్న పరదేశీ అంటూ ఒక్కటి వదలకుండా, స్పష్టంగా.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసింది. ఇన్నేళ్లూ నాకు నేర్పిందాన్ని నా కళ్లెదుటే మీరడం ఆమె వల్ల కాలేదు. మెల్లగా డబ్బా మూసింది. "ఆపా, రేపు తెల్లారకముందే లేచి కుట్టేస్తాను. రేపటి బండికి అందదు, ఎల్లుండి బండికి వెళ్లండి. ఒక్క రోజు ఓర్చుకోండి" అంది.

ఖాలా నా తల నిమిరింది. "పాప మంచిగ చదివింది. దేవుని మాట దేవునిదే. ఎల్లుండి పోత తీ" అంది. నాకు రెండో బహుమతి వచ్చినట్టే అనిపించింది.

సోమవారం కోడి కూయకముందే అమ్మ మిషన్ ముందు కూర్చుంది. వెలుగొచ్చేసరికి గుండీలతో సహా జాకెట్టు పూర్తయింది. దాన్ని పట్టుకుని నేను పక్కింటికి పరిగెత్తాను. తలుపుకి తాళం ఉంది. అమ్మ ఇచ్చిన చీర మడతపెట్టి కిటికీ చువ్వకి కట్టి ఉంది. ముసలామెకి ఇంకో రోజు మనసాగలేదనీ, బురఖా వేసుకునే బండికి పోయిందనీ పాలాయన చెప్పాడు.

రెండు నెలలకి అల్లుడి తరఫు మనిషి ఒకాయన వచ్చాడు. కూతురు బతికే ఉంది. ఒక రైతు తన ఇంట్లో దాచిపెడితే అక్కడే ఆడపిల్లని కన్నది. తల్లిని తీసుకురమ్మని ఆయన్ని పంపింది. ఖాలా అక్కడికి చేరనే లేదు. ఆ జాకెట్టు ఒంటి మీద ఉంటే బతికేదా అంటే ఏమో, నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే నా ప్రాణానికి పట్టుకుంది.

అమ్మ నా ముందు ఏడవలేదు. ఆ శనివారం సూది తీయలేదు. జిల్లాల నుంచి కట్టుబట్టలతో వచ్చిన ఆడవాళ్లకి ఆదివారాలు ఊరికే బట్టలు కుట్టసాగింది. వీధిలోకి మిషన్ చప్పుడు వినపడేది. చర్చి సంఘంలో గుసగుసలు లేచాయి. పెద్దలు ఉపదేశి గారిని పంపారు. పిల్లలకి ఆజ్ఞలు నేర్పే ముసలాయన. ఆదివారం పని మానకపోతే, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనానికి రావద్దని చెప్పడానికి వచ్చాడు. అమ్మ ఆయనకి కుర్చీ వేసి, ఖాలా సంగతి చెప్పింది.

ఆయన తల వంచుకుని విన్నాడు. "యూదులు ఈ ఆజ్ఞ విషయంలో మనకంటే పట్టుదల గలవాళ్లమ్మా. వాళ్ల పెద్దలే ఒక మాట చెప్పారు. విశ్రాంతి దినాన గోడ కూలి మనిషి కింద పడితే, బతికున్నాడో లేడో తెలియకపోయినా రాళ్లు తీయాల్సిందేనట. ప్రభువు మాటా అదే, ఆ దినం మనిషి కోసమని. బానిసకీ పశువుకీ పరదేశికీ కాస్త ఊపిరి ఆడాలనే ఆ ఆజ్ఞ పుట్టింది" అన్నాడు.

"మరి ఆ గోడ సంగతి ఇన్నేళ్లూ చర్చిలో ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగింది అమ్మ.

"కంఠతా పట్టించడంతోనే సరిపెట్టుకున్నాం" అన్నాడాయన. "అయినా మిషన్ గుడ్డ తీశానన్నావు, డబ్బా తెరిచానన్నావు. మళ్లీ ఎందుకు మూశావమ్మా? ఎవరైనా ఆపారా?" అన్నాడు.

నేను గోడ దగ్గర, నా బహుమతి కార్డు కింద నిలబడి ఉన్నాను. అమ్మ నా వైపు చూడలేదు.

"ఎవరూ ఆపలేదండీ. ఆదివారమని నాకే గుర్తొచ్చింది."

మా అమ్మ అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. నిజం చెప్పడానికి నాకు ఆ క్షణం ఉంది. ఆ తర్వాత ఆమె బతికిన ముప్పయ్యేళ్లూ ఉన్నాయి. పది ఆజ్ఞలూ గుక్క తిప్పుకోకుండా చెప్పే ఈ నోరు, ఆ ఒక్క మాట చెప్పలేదు.