గొళ్ళెం తీసేముందు అడిగిన పేరు

ఈ రోజు కాలేజీలో పాత ఇంగ్లీషు నవలల్లోని అపరిచితుల గురించి పాఠం చెప్పాను. వానలో వచ్చి తలుపు తట్టిన కొత్త మనిషిని ఊరంతా దొంగను చూసినట్టు చూస్తుందనీ, చివరికి అందరికన్నా మంచివాడు అతనేనని తేలుతుందనీ గొంతు పెంచి మరీ చెప్పాను.

మధ్యాహ్నం పాతబస్తీ హుస్సేనీ ఆలంలోని మా ఇంటికి చేరేసరికి ఎండ మండిపోతోంది. దారినపోయేవాళ్ళ కోసం ఏటా గుమ్మం పక్కన పెట్టే నీళ్ళ కుండను, ఊళ్ళో మత గొడవలు మొదలయ్యాక లోపలికి తెచ్చేసుకున్నాం. ఇంతలో ఎవరో తలుపు తట్టారు.

"ఎవరన్న ఉన్నరా? జర తాగనీకి నీళ్ళియ్యుండ్రి."

గొళ్ళెం మీద చెయ్యి వేసి, "నీ పేరేంది?" అన్నాను. ఎందుకడిగానో నాకు తెలుసు. అతనికీ తెలిసిపోయింది.



"పోయిన ఎండాకాలం గీడ్నే కుండల నీళ్ళు తాగిన అన్నా. అప్పుడు పేరెవ్వరడగలే."

నేను తలుపు తీసేసరికి గల్లీలో ఎవరూ లేరు.

కుండను మళ్ళీ బయట పెట్టాను. పొద్దుగూకింది, ఇంకా ఎవరూ ముట్టలేదు. రేపు ఆ పాఠంలో మిగిలిన సగం చెప్పాలి. తలుపు లోపలున్న మనిషి ఎలాంటివాడని పిల్లలు అడిగితే, మీరైతే ఏం చెబుతారు?