మంగళవారం నీళ్లు

పోయిన నెల పనిబడి ఆళ్లగడ్డలో బస్సు దిగాను. ఎరువుల అంగడి సందులో నడుస్తుంటే పాత మెట్ల దగ్గర కాళ్లు వాటంతటవే ఆగాయి. మెట్ల పొడవునా తెల్ల డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. పైన మిషను గొణుగుతోంది. తలుపు మీద మంచినీళ్ల బోర్డు. ఎక్కి చూశాను. మేడ మీద ఒకప్పుడు మేము నిలబెట్టిన ఇనుప స్తంభం లేదు. దాని అడుగున పోసిన సిమెంటు దిమ్మె మాత్రం మిగిలింది. ఎవరో దాని మీద మిరపకాయలు ఎండబెట్టుకున్నారు. మా రేడియో ఉన్న గది అది. ఇప్పుడు అక్కడ నీళ్లు అమ్ముతున్నారు. ఒక నీళ్ల మాట తప్పడంతోనే ఆ రేడియో చచ్చిపోయిందని, ఆ మాట తప్పింది నేనని డబ్బాలు మోసేవాళ్లకు తెలియదు. "ఎన్ని డబ్బాలు సార్?" అని అడిగారు. ఏమీ వద్దన్నాను.

మాది పెద్ద రేడియో ఏమీ కాదు. ఊళ్లో చదువుకున్నవాళ్లు నలుగురు సంఘం పెట్టి, ఢిల్లీకి కాగితాలు పంపి పంపి విసిగిపోయాక వచ్చిన అనుమతి. కోయిలకుంట్ల దారిలో సగం దాకా మాటలు వినపడేవి, ఆ తర్వాత గరగర. ఎరువుల షావుకారు తన అంగడి మీద గదిని అద్దె లేకుండా ఇచ్చి, గంటకొకసారి అంగడి పేరు చెప్తే చాలన్నాడు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించాం, కిటికీకి పాత బొంత కట్టాం. మైకు పెట్టినప్పుడు ఫ్యాను ఆపాలి కాబట్టి ఎండాకాలం కార్యక్రమాలన్నీ చెమట కారుస్తూ చేసినవే. నేను నంద్యాలవాణ్ణి, డిగ్రీ చదివినవాణ్ణి అని నన్ను ఇన్‌చార్జిని చేశారు. ఆ మాట చెక్కిన పలకను సొంత ఖర్చుతో చేయించుకుని బల్ల మీద పెట్టుకున్నాను. వచ్చి చూసేవాళ్లు లేకపోయినా రోజూ తుడిచేవాణ్ణి.

రేడియోకు గొంతు మాత్రం మా అత్తది. మా నాయన చెల్లెలు. ఆళ్లగడ్డలోనే టీచరుగా పనిచేసి రిటైరైంది, ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా ఆమే. రోజూ పొద్దున ఆరు గంటలకు కాలువ నీళ్ల వంతు చెప్పేది. ఏ పిల్లకాలువకు ఏ రోజు నీళ్లు వదులుతారో తూములు ఎత్తే లస్కరు ఫోనులో చెప్తే, బడిలో హాజరు పిలిచినట్లు ఊరి పేర్లు పిలిచి మరీ వినిపించేది. "ఇనండప్పా. కింది భూములోళ్లు, రేపు మీ వంతు. పారలు పట్టుకోని రాండి. పైనోళ్లు మీ మడవలు మూసుకోండి. నన్నొచ్చి మూయమంటారా?" టీ అంగళ్ల దగ్గర నవ్వుకునేవాళ్లు. కానీ పొలాల్లోకి నీళ్లు మళ్లే ఆ గండ్లు మూసేవాళ్లు. అత్త ఒక కట్టుబాటు పెట్టుకుంది. పాటలు, డాక్టరు మాటలు ఎన్నిసార్లయినా తిప్పి వేసుకోవచ్చు, నీళ్ల మాట మాత్రం ముందే రికార్డు చేయకూడదు. ఏ పూటకా పూట లస్కరును అడిగి, మైకు ముందు కూర్చుని చెప్పాల్సిందే. "నీళ్లు ఒకచోట నిలబడేవి కాదురా. నిన్నటి మాట ఈ పొద్దుకు పనికిరాదు" అనేది. నాకది చాదస్తంగా తోచేది.

ఒక శనివారం నంద్యాలలో స్నేహితుడి పెళ్లి దావతు. ఆదివారం ఆరింటికి మిషను దగ్గర నేనుండాలి. నాకేమో నంద్యాలలోనే ఉండిపోవాలని. అత్తను బతిమాలుకున్నాను.

"ఒక్క పూట అత్తా. ఇప్పుడే చెప్పేయ్. పొద్దున కంప్యూటరు దానంతటదే వేస్తది."

"మధ్యలో మారితే?"

"రేడియో సెల్‌ఫోను నా దగ్గరే ఉంటది గదా. మారితే నీకు చేస్తా. తాళం నీకే ఇస్తాండా, వచ్చి చెప్తువులే."

"మాట ఇస్తాండావా?"

"ఇస్తాండాలే అత్తా."

మనసొప్పకుండానే మైకు ముందు కూర్చుంది. కింది భూములకు మంగళవారం నీళ్లని చెప్పింది.

దావతులో కూర్చోగానే లస్కరు ఫోను చేశాడు. "సార్, మంగళారం కాదు, రేపే వదుల్తాండారు. పొద్దున్నే టీచరమ్మతో చెప్పించండి." సరేలేప్పా అన్నాను. బిర్యానీ వడ్డిస్తున్నారు. చెయ్యి కడుక్కున్నాక అత్తకు చేద్దామనుకున్నాను. చెయ్యి కడుక్కున్నాను, పాన్ వేసుకున్నాను, నలుగురితో నవ్వాను. మర్చిపోయానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆదివారం కళ్లు తెరవగానే గుర్తొచ్చింది. ఏడు దాటింది. అప్పుడు చేసినా కొందరైనా పొలాలకు చేరేవాళ్లు. చేస్తే ఎందుకు ఆలస్యమైందో చెప్పాల్సి వస్తుందని దుప్పటి మళ్లీ కప్పుకున్నాను.

ఆ ఆదివారం నీళ్లు వచ్చాయి. మడవలు మూయమన్నవాళ్లు లేరు కాబట్టి పైవాళ్లు మూయలేదు. మంగళవారం పారలతో వచ్చిన కిందివాళ్లకు కాలువలో బురద కనపడింది. మళ్లీ వంతుకు పదిహేను రోజులు. వరి అప్పుడు పొట్ట మీద ఉంది, ఆ అదనులో తడి తప్పితే గింజ పట్టదు.

ఆ వారంలోనే పదిమంది దాకా మా మెట్లెక్కి వచ్చారు. ముందున్నవాడు కౌలుకు చేసుకునే మనిషి, చిన్నప్పుడు అత్త దగ్గర చదువుకున్నవాడు.

"టీచరమ్మా, నీ మాట ఇనే గదా మేము ఇంటికాడ కూసుంటిమి. పైనోళ్లు కడుపునిండా తాగినారు, మాది ఎండిపోతాంది. రేడియోకు చెప్పినానని లస్కరు అంటాండాడు. ఎవురెత్తినారు ఫోను?"

అత్త నా వైపు చూసింది. తప్పు చేసిన పిల్లవాడు తానే లేచి నిలబడతాడేమోనని తరగతిలో ఆగినట్లు ఆగింది. నేను బల్ల మీద పలకను సర్దాను.

"నేనే ఎత్తినప్పా" అంది. "చెప్పేది మర్చిపోతి. తప్పు నాదే."

ఆ గదిలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. అతను "నువ్వు గూడానా టీచరమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. అందరూ మెట్లు దిగిపోయారు. అత్త కూడా తాళంచెవి పలక పక్కన పెట్టి దిగింది, మళ్లీ ఎక్కలేదు.

ఆ తర్వాత నీళ్ల వంతు నేనే చదివాను, మంచి భాషలో, ఒక్క తప్పు లేకుండా. ఎవరూ వినలేదు. అందరూ నేరుగా లస్కరు దగ్గరికే పోయేవాళ్లు. అతను నన్ను చూస్తే తల తిప్పుకునేవాడు. నీళ్ల మాట పోయాక మా పాటలెవరికి కావాలి? రెండు పంటలు తిరిగేసరికి సంఘం మీటింగులు ఆగిపోయాయి, షావుకారు గది ఖాళీ చేయమన్నాడు. టీచరమ్మ మతిమరుపు వల్లే రేడియో పోయిందని ఊరు అనుకుంది. ఆ మాట నా ఎదురుగా అన్నప్పుడు తల ఊపాను కూడా. ఇక్కడ దాచేదేముంది, ఒకసారి కాదు, చాలాసార్లు ఊపాను.

పోయిన నెల ఆ డబ్బాలు చూశాక నేరుగా అత్త ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని కందికాయలు వలుస్తోంది. దావతు, బిర్యానీ, దుప్పటి, అన్నీ చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"ఇది నాకెందుకు చెప్తాండావు? సెల్లు నీ దగ్గరుండె. నాకు తెల్దా?"

"తెలిసీ నీ మీద ఎందుకేసుకుంటివి అత్తా?"

"ఆ పొద్దు వాళ్ల చేతిలో నువ్వు దెబ్బలు తింటావని. తరవాత నువ్వే చెప్తావులే అనుకుంటి. ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం. చూసి చూసి చూసేది మానుకుంటి."

"ఇప్పుడు చెప్తా. అందరికీ చెప్తా."

"యాడ చెప్తావు? రేడియో ఉందా?" మొదటిసారి నా ముఖం వైపు చూసింది. "ఆ పొద్దు నన్నడిగిన ఆయప్ప, పైరు ఎండి, కౌలు ఇడిసిపెట్టి బెంగుళూరుకు పోయినాడు, వాచ్‌మన్ పనికి. పోయేముందు గూడా నాకు దండం పెట్టలా. పో, ఎతుక్కోని ఆయప్పకు చెప్పు."

అతని ఊళ్లో అడిగాను, బంధువులను అడిగాను. బెంగుళూరులో ఎక్కడో ఎవరికీ తెలియదు. ఇంకా అడుగుతూనే ఉన్నాను. ఆ రోజు అత్త ఇంటి నుంచి నంద్యాలకు తిరిగి వస్తుంటే బస్సు కాలువ వంతెన మీద కాసేపు ఆగింది. కింద నీళ్లు అంచుల దాకా పోతున్నాయి. నీళ్లు ఎప్పటికైనా వస్తాయి. పైరే అన్నాళ్లు ఆగదు.