పొదిలికి రాని పెట్టె

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు సోఫాలోంచి ఒక్క గెంతు గెంతి, ఇంకా తీస్తూ ఉన్న ఏదో సినిమా కథంతా బయటికి పొక్కిపోయిందని కేకలు పెడుతూ తన ఫోను నా ముఖం ముందు పెట్టింది. ఎవరో ఆ షూటింగులో పనిచేసే మనిషే రహస్యంగా ఫొటోలు తీసి లోకానికి పంచాడట, దాన్ని లక్షలమంది చూసి చప్పట్లు కొడుతున్నారట. పిల్ల ముఖంలో అంత సంతోషం చూసి నేనూ నవ్వాల్సింది. కానీ నవ్వు రాలేదు. మంచినీళ్ళు తాగే నెపంతో వంటింట్లోకి వెళ్ళి గట్టు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. నా వయసు వాళ్ళకైతే చెప్పుకోవచ్చుననిపించి, ఇన్నేళ్ళూ ఎక్కడా రాయని సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

ఎనభైల నడిమి సంవత్సరాలవి. పొదిలి టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి నాకింకా ఏడాది నిండలేదు, ఉద్యోగం పర్మినెంటు కాలేదు. నాన్నగారు మిషను బడిలో ఉపాధ్యాయులు. మా ఇంట్లో సినిమా అన్న మాట వినపడేది కాదు. అది లోకసంబంధమైన వ్యవహారం, దాని జోలికి పోని ఇంటిగా మా సంఘంలో మాకు పేరు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు సినిమా కబుర్లంటే ప్రాణం. చూసినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు గానీ, రాబోయే బొమ్మలో ఎవరి పక్కన ఎవరు వేస్తున్నారు, పాటలు ఎక్కడ తీస్తున్నారు, ఏ హీరో బొమ్మ ఎన్ని రోజులాడింది, ఇవన్నీ బైబిలు వచనాలకంటే గట్టిగా నోటికొచ్చేవి. ఆ పాపానికి మూలం మా మేనత్త కూతురు. బస్టాండు వెనక సందులో జాకెట్లు కుట్టేది మా వదిన. కుట్టుమిషను ఎదురుగా గోడ నిండా సినిమా పత్రికల్లోంచి కత్తిరించిన బొమ్మలే. కొత్త బొమ్మలో కథానాయిక చేతులకు కుచ్చు పెట్టించుకుందో, వీపున ముడి పెట్టించుకుందో బొమ్మ విడుదల కాకముందే తెలియాలి వదినకు, లేకపోతే గిరాకీ పక్క వీధికి పోతుంది. మిరపకోతల రోజుల్లో సాయంకాలం ఆడవాళ్ళు పొలాల నుంచి సరాసరి అక్కడికే వచ్చేవాళ్ళు. వేళ్ళకు మిరపఘాటు అంటి ఉంటుందని కొత్తగుడ్డను ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, మెడలు చాచి, ఆ గోడమీది బొమ్మలు చూసేవాళ్ళు. నేను డ్యూటీ దిగి వెళ్ళేసరికి నాకోసం పీట వేసి ఉండేది. ఎందుకంటే వదిన దగ్గరున్న కబుర్లు పత్రికలవి, పది రోజుల పాతవి. నావి అప్పటికప్పుడు తీగ మీద వచ్చినవి.

ఎలాగంటారేమో. ఆ రోజుల్లో ఏ ఊరికి ఫోను చేయాలన్నా మా బోర్డు మీదుగానే పోవాలి గదా. లైను కలిపాక మాట సరిగ్గా వినపడుతోందో లేదో చూడడానికి ఒక్క క్షణం మేము వినొచ్చు, ఆ వెంటనే వినే మీట పైకి నెట్టెయ్యాలి. విన్నది ప్రాణం పోయినా బయట చెప్పనని చేరిన రోజే సంతకం పెట్టాం. మిరపకాయల ధరలు, పత్తి బేళ్ళ బేరాలు, గుంటూరు నుంచి వినుకొండకి, వినుకొండ నుంచి మాకూ రోజంతా నా చెవిలోంచే పోయేవి. వాటిలో ఒక్క ముక్క కూడా నేనెవరికీ చెప్పలేదు. చెప్పడం తప్పని నాకు తెలుసు. సినిమాహాలుకి వచ్చే ఫోన్లు మాత్రం మీట నెట్టకుండా వినేదాన్ని. సినిమా కబురు కూడా ఒకరి రహస్యమేనన్న ఊహ, నిజం చెబుతున్నాను, నాకు రానేలేదు.

పై ఊళ్ళ ఫోన్లు కలిపే ట్రంకు బోర్డు మీద కూర్చునే పెద్దాయన్ని మేమంతా బాబాయిగారనేవాళ్ళం. రిటైరుమెంటుకి మూడేళ్ళుంది. ఆయనా సినిమా పిచ్చివారే. పాత బొమ్మల్లో ఏ పాట ఎవరు పాడారో, ఏ వేషానికి మొదట ఎవరిననుకున్నారో ఆయన్ను అడిగి పందేలు తేల్చుకునేవాళ్ళు ఊళ్ళో. పిన్నిగారికి ఉబ్బసం. కోతల కాలంలో ఘాటుకి ఊపిరాడేది కాదావిడకి. రోజూ పదకొండింటికి ఆయన వెనక వీధిలోని ఇంటికి వెళ్ళి మందిచ్చి పావుగంటలో వచ్చేవారు. ఆ పావుగంటా ఆయన బోర్డు కూడా నేనే చూసి, ప్రతి ట్రంకు ఫోనుకీ రాసే చీటీ కింద ఆయన పేరు పొడి అక్షరాలే వేసేదాన్ని. అది మా ఇద్దరికే తెలిసిన ఒప్పందం.

ఆ బుధవారం పదకొండు దాటాక గుంటూరు నుంచి సినిమాహాలు మేనేజరుగారికి ఫోను. ఊరు ఊరంతా ఎదురుచూస్తున్న పెద్ద హీరో బొమ్మ శుక్రవారం విడుదల. హాలు ముందు తాటికమ్మల పందిరి వేశారు, ఎడ్లబండికి రంగు కాగితాలు అంటించి రీళ్ళ పెట్టె ఊరేగింపుకి సిద్ధం చేశారు. పంపిణీదారు చల్లగా చెప్పాడు, మద్రాసు నుంచి ప్రింట్లు తక్కువొచ్చాయి, పొదిలి పెట్టె కనిగిరికి వెళ్ళిపోతోంది, మీకు వారం ఆగి వస్తుంది అని. "కుర్రాళ్ళు ఊరుకోరండీ, హాలు తగలబెడతారు" అన్నారు మేనేజరుగారు. శుక్రవారం పొద్దున తనే మనుషుల్ని, పోలీసుల్ని మాట్లాడి పంపుతాననీ, అందాకా ఎవ్వరికీ చెప్పొద్దనీ అటువైపాయన అన్నాడు.

సాయంకాలం వెళ్ళేసరికి వదిన వంచిన తల ఎత్తకుండా మిషను తొక్కుతోంది. శుక్రవారం బొమ్మకి కట్టుకుపోవాలని పదిమంది జాకెట్లిచ్చి కూర్చున్నారట, కాళ్ళు లాగేస్తున్నాయంది. నాకు జాలేసింది.

"కంగారు పడకు వదినా, శుక్రవారం బొమ్మ రాదు" అన్నాను.

"నీకెవరు చెప్పారే?"

"పెట్టె కనిగిరికి పోతోంది. నీ కడుపులో పెట్టుకో, ఎవరితోనూ అనకు."

మిషను మీద చెయ్యేసి ఒట్టేసింది వదిన. అబద్ధపు ఒట్టు కాదది. కానీ ఆ తర్వాత గంటకే ఒకావిడ జాకెట్టు అవలేదని తగువుకొస్తే, నోరు మూయించడానికి ఆ ఒక్కావిడకే చెప్పింది. ఆవిడ తమ్ముడు అభిమాన సంఘానికి అధ్యక్షుడు.

గురువారం పదింటి వేళ వీధిలో ముందు కేకలు, తర్వాత పరుగులు. ఎక్స్ఛేంజి కిటికీ తలుపులు మూసేశాం. నేను లోకల్ బోర్డు మీద ఉన్నాను. అటువైపు ఫోనెత్తినట్టు సినిమాహాలు నంబరు మీది చిన్న మూత టప్పున పడింది. తీగ గుచ్చగానే మేనేజరుగారి గొంతు: "పోలీస్ స్టేషనివ్వమ్మా, తొందరగా, లోపలికొచ్చేస్తున్నారు!" ఆ మాట వెనకే అద్దాలు భళ్ళున పగిలిన చప్పుడు నా చెవిలో. ఆ కంగారులో తీగ తీసుకెళ్ళి పత్తిమిల్లుకి గుచ్చాను. అక్కడి గుమాస్తా హలో హలో అంటుంటే లాగేసి, మళ్ళీ వెతుక్కుని స్టేషనుకి కలిపేసరికి ఇటువైపు మనిషి లేడు. రిసీవరు వేలాడుతోందేమో, దూరంగా "ఎవడ్రా పెట్టె అమ్ముకుంది" అన్న అరుపులూ, కుర్చీలు విరుగుతున్న చప్పుళ్ళూ వినపడుతూనే ఉన్నాయి. ఆ ఒక్కసారి మీట నెట్టెయ్యాలని ఉన్నా నెట్టలేకపోయాను.

రాయి మేనేజరుగారి కంటి మీద తగిలిందని మధ్యాహ్నానికి తెలిసింది. ఒంగోలు తీసుకెళ్ళారు. కన్ను పోతుందన్నారు కొందరు, పోయిందన్నారు కొందరు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాన్నగారు ఊరి శాంతి కోసం, దెబ్బ తగిలిన ఆ మనిషి కోసం ప్రార్థిస్తుంటే నేను కళ్ళు మూసుకోలేకపోయాను. మూస్తే ఆ అద్దాల చప్పుడు. మర్నాడు వదిన దగ్గరికి వెళితే మిషనుకి గుడ్డ కప్పి ఉంది. గోడమీది బొమ్మలన్నీ చించి పొయ్యిలో పెట్టేసింది. బొమ్మలున్న చోటల్లా సున్నం తెల్లగా, చదరంగా మిగిలింది. నా చెయ్యి పట్టుకుని, ఒక్కదానికే చెప్పానే, ఒక్కదానికే, అంటూ ఏడ్చింది. పోలీసులొస్తారా అని అడిగింది. నాకేం తెలుసు?

సోమవారం మేనేజరుగారే వచ్చారు, తల చుట్టూ, ఒక కంటి మీదా కట్టుతో. సూపర్‌వైజరుగారి బల్ల ముందు నిలబడి, ఎదురుగా ఉన్న మా అందరికీ వినపడేలా అన్నారు: "ఆ మాట నాకూ గుంటూరాయనకీ తప్ప మూడో మనిషికి తెలియదండీ. తెలిస్తే మీ బోర్డుకే తెలియాలి."

చీటీల కట్ట తీశారు. బుధవారం పదకొండు దాటాక, గుంటూరు, సినిమాహాలు. కింద బాబాయిగారి పొడి అక్షరాలు. పైగా ఆయన సినిమా పిచ్చి ఊరెరిగినది. ఎవరికీ రెండో ఆలోచన రాలేదు. బాబాయిగారు ఆ చీటీని కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చూశారు. అక్షరాల వంపు ఎవరిదో ఆయనకు తెలియకుండా ఉంటుందా. ఒక్కసారి తలెత్తి నావైపు చూసి, మళ్ళీ దించుకుని, ఏమో సార్, నాకు గుర్తులేదు అన్నారు.

ఎంక్వయిరీకి ఒంగోలు నుంచి ఆఫీసరు వచ్చేదాకా మూడు రోజులు. బోర్డు మీద ఏ మూత పడినా నా గుండె పడేది. వీధిలో కానిస్టేబులు సైకిలు ఆగితే నా కోసమే అనుకునేదాన్ని. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, ఎందుకు పోయిందో నాన్నగారికి తెలుస్తుందన్న భయం అంతకు పదింతలు. బాబాయిగారు మాత్రం పదకొండింటికి ఇంటికెళ్ళడం మానేశారు. మూడో రోజు నీళ్ళకుండ దగ్గర ఎదురుపడి మెల్లిగా అన్నారు: "నేను సీట్లో లేకపోవడం ఒక నేరం, నువ్వు మాట జారడం ఇంకొకటి. నువ్వు నోరు విప్పితే రెండూ బయటికొస్తాయి. ఒకరితో పోయేదానికి ఇద్దరెందుకమ్మాయ్?"

ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

ఆఫీసరు అడిగారు. "ఆ సమయానికి ట్రంకు బోర్డు మీద ఎవరున్నారు?"

"ఆయనే సార్."

ఆ రెండు మాటలు నావే. ఎవరూ నా చేత అనిపించలేదు.

బాబాయిగారిని కనిగిరికి బదిలీ చేశారు, ఇంక్రిమెంటు ఆపారు, రిటైరయ్యేదాకా వెంటాడే రిమార్కు రాశారు. అక్కడ ఇల్లు దొరికేదాకా అని పిన్నిగారిని వినుకొండలో వాళ్ళ తమ్ముడింట దించారు. నాకైతే ఏమీ కాలేదు. భయం మాత్రం తగ్గకపోగా రూపు మార్చుకుంది. ఇంతకుముందు దొరికిపోతానని, ఇప్పుడు ఇక ఎప్పటికీ దొరకననీ. మూడు వారాలకి ఒక ఆదివారం ఆరాధన అయి అందరూ వెళ్ళిపోయాక, చాపలు చుడుతున్న నాన్నగారి వెనక నిలబడి మొత్తం చెప్పేశాను. సినిమాల సంగతితో సహా. ఆయన తిడతారని, కొడతారని, కనీసం తిరిగి చూస్తారని ఎదురుచూశాను. చుడుతున్న చాప పూర్తిగా చుట్టి గోడకి ఆనించి, "చెప్పులేసుకో" అన్నారు.

కనిగిరి బస్సెక్కాం. బాబాయిగారు ఒంటి గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వండుకుంటున్నారు. మమ్మల్ని చూసి కంగారుగా మంచం మీది బట్టలు తీసి కూర్చోబెట్టారు. నాన్నగారు ఆయనకు చేతులు జోడించారు. "మా పిల్ల తప్పు మీరు మోస్తున్నారని ఇవాళే తెలిసిందండీ."

"అయిపోయిందిలెండి మాస్టారూ. పర్మినెంటు కాని పిల్ల, మచ్చ పడితే బతుకంతా ఉంటుంది."

"మీరు ఊరుకున్నారని మేమూ ఊరుకోవడం కుదరదు." నావైపు తిరిగి, "నీ ఇష్టం అమ్మా. ఆఫీసుకి కాగితం రాస్తే నువ్వే రాయాలి, నేను రాయించను" అన్నారు.

తిరిగి బస్టాండుకి నడిచేటప్పుడు పొదిలికి రాని ఆ బొమ్మ ఇంకా ఆడుతున్న హాలు దాటాం. నాన్నగారు ఆగి, గోడ మీది పోస్టరుకేసి చూసి, ఇదేనా అని అడిగారు. అవునన్నాను. ఎంతోసేపు చూశారు.

మర్నాడు తెల్లకాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి సూపర్‌వైజరుగారి చేతికిచ్చాను. నన్ను పదిహేను రోజులు బోర్డు ఎక్కనివ్వలేదు. తరవాత గట్టి హెచ్చరికతో వదిలారు, పర్మినెంటు కావడం రెండేళ్ళు వెనకపడింది. బాబాయిగారి మీద సీటు వదిలిన తప్పు ఉండిపోయింది గానీ, మాట బయటపెట్టాడన్న రిమార్కు కొట్టేశారు. ఆరు నెలలకి వినుకొండ బదిలీ దొరికి పిన్నిగారి దగ్గరికి చేరారు. మేనేజరుగారి కన్ను పోలేదు, రెప్ప మాత్రం సగం వాలిపోయింది. ఆయన దగ్గరికి కూడా వెళ్ళి చెప్పాను. పోలీసులకి కలిపింది నువ్వేగా, అన్నారు. మొదట పత్తిమిల్లుకి కలిపానని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

ఆ బోర్డులూ తీగలూ కూడా ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ఎవరి మాటా ఎవరి చేతి మీదుగానూ పోనక్కర్లేదు. బస్సుల్లో, ఆసుపత్రి వరండాల్లో, పెళ్ళిపందిళ్ళలో జనం తమ ఇంటి గుట్టంతా ఫోన్లలో పెద్ద గొంతుతో చెప్పుకుంటారు, విన్నవాడికి బాధ్యత లేదు, చెప్పినవాడికి బెరుకు లేదు. పక్కన ఎవరైనా అలా మాట్లాడుతుంటే నేను చూపు కిటికీ వైపు తిప్పుకుని, ఏదో ఆలోచిస్తున్నట్టు కూర్చుంటాను. అప్పుడు ఇంట్లోవాళ్ళు పిలిచినా వెంటనే పలకను. అమ్మమ్మకి చెవుడొస్తోందని మావాళ్ళు అనుకుంటున్నారు. అనుకోనిస్తున్నాను.