కొసరుతో కలిపి లెక్క

మా ఆయన ఉద్యోగం మానేసి మేముండే అరోరా ఊళ్లో పిండి రుబ్బే యూనిట్ పెట్టినప్పుడు స్నేహితులంతా నన్ను ఓదార్చినంత పని చేశారు. ఇడ్లీ పిండి, పెసరట్టు పిండి, సున్నుండలు. చుట్టుపక్కల ఇండియన్ స్టోర్లకు వేస్తారు. నేను ఒక ఫ్యాక్టరీలో కాస్ట్ అకౌంటెంట్‌ని కాబట్టి లెక్కలు నా నెత్తిన పడ్డాయి.

ఇడ్లీ పిండి విపరీతంగా పోతుంది, కానీ డబ్బాకి మిగిలేది చిల్లరే. సున్నుండలు చేత్తో చుట్టాలి కనుక తక్కువే తయారవుతాయి, మిగులు మాత్రం బాగుంటుంది. పెసరట్టు పిండి మధ్యరకం. అద్దె, గ్రైండర్ల వాయిదాలు ఏది ఎంత అమ్మినా మారవు. ఏది ఏ పాళ్లలో అమ్మితే ఆ ఖర్చులు గట్టెక్కుతాయో, అంటే బ్రేక్ ఈవెన్ ఎక్కడో, లెక్క వేసి ఇచ్చాను. దాని ప్రకారం ఎప్పుడో దాటాలి. దాటలేదు. ఈలోగా లీజు రెన్యువల్ దగ్గరపడింది. మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటానని ఆయన పళ్లెంలోకి చూస్తూ అన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

కొన్న మినప్పప్పుకీ అమ్మిన డబ్బాలకీ పొంతన లేదు. ఒక శనివారం వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. డబ్బా కాటా మీద పెట్టి, తూకం సరిపోయాక, ఇంకో గరిటె పోసి మూత పెట్టారు. తర్వాతి డబ్బాకీ అంతే. సున్నుండల పెట్టెలో ఒకటి ఎక్కువ.

ఇదేమిటని అడిగితే కొసరన్నారు, అదేదో గవర్నమెంటు రూలైనట్టు.

"తూచినంతే ఇస్తే, తూచి ఇచ్చినట్టుంటుంది కదా."

కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. సీలు వేసే డబ్బాలో, ఎవరు తింటారో కూడా తెలియని మనిషికి కొసరట. ఇడ్లీ పిండి మీద మిగలాల్సిన చిల్లర కాస్తా ఆ గరిటెలోనే పోతోంది. ఆపమని గట్టిగా చెప్పాను.

ఆపారు. ఆ వారం లెక్క కుదిరింది. శుక్రవారం సాయంత్రం ఇంటికి ఒక డబ్బా తెచ్చారు. మూత తీస్తే పిండి సరిగ్గా గీత దగ్గర ఆగి ఉంది. నాకు ఉక్రోషం వచ్చింది.

"మనింటికి కూడా తూచే తెచ్చారా?"

"నువ్వే కదా ఆపమన్నావ్. చెయ్యి దానంతటదే గరిటె దాకా పోతోంది. వెనక్కి లాక్కుంటున్నా."

ఆ మనిషి మీద అంత ప్రేమ పుట్టుకొచ్చి చాలా రోజులైంది. లాప్‌టాప్ తెరిచి మూడు సరుకుల ఖర్చుల్లోనూ పప్పు, డబ్బాల కింద ఇంకో వరుస చేర్చాను: కొసరు. బ్రేక్ ఈవెన్ దూరం జరిగింది. సున్నుండలు మరికొన్ని అమ్మితే అందుతుంది. స్టోర్ల వాళ్లు అడుగుతూనే ఉన్నారు, లేనిది చుట్టే చేతులే. ఆదివారాలు ఆ పని నాదన్నాను. ఆయన లీజు మీద సంతకం పెట్టారు.

మొదటి ఆదివారం, కొసరుతో సహా సర్ది మూత పెట్టబోతుంటే, నా చెయ్యి ఇంకో ఉండ వేసింది. ఆయన చూసి, మూత అందించారు.