డిన్నర్ రెడీ అన్నాక పాడిన చరణం

అల్యూమినియం ట్రే మీద రేకు ఒలిచిన చప్పుడు, దాని వెనకే పులిహోర పోపు వాసన. మొన్న మా ఊరి స్కూల్ ఆడిటోరియంలో, తెలుగువాళ్ళ ఫంక్షన్‌లో ఎవరి పిల్లో పాడుతుండగా అవి రెండూ వచ్చాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళైనా ఆ మంట చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

నేను పెరిగింది అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో. అక్కడ మా వీధి చివర సుధ ఆంటీ తన బేస్‌మెంట్‌లో శనివారాలు పిల్లలకి సంగీతం నేర్పేవారు. నాకప్పుడు పదహారేళ్ళు. పొద్దున్నే మంచం దిగాలంటే ఏడుపొచ్చేది. స్కూల్ కౌన్సెలర్ దాన్ని డిప్రెషన్ అంది. అమ్మ మాత్రం అందరికీ మైగ్రేన్ అని చెప్పింది. నాకు తోడున్నవి రాక్ పాటలే. ఆ పాటగాళ్ళు నాలాగే చీకట్లో తడుముకుంటూ, ఇంకా బతికే ఉన్నామని గొంతు చించుకునేవారు. "ఆ గోల వినబట్టే దీనికి ఈ రోగం," అనేవారు నాన్న స్నేహితులు. చలిజ్వరానికి కప్పుకున్న దుప్పటిని చూపించి, దీనివల్లే జ్వరం వచ్చిందన్నట్టు!

ఒక శనివారం ఆంటీ నా ఇయర్‌ఫోన్ ఒకటి తీసి చెవిలో పెట్టుకుని, పాటంతా విన్నారు.

"అరుస్తున్నాడు గానీ శ్రుతి తప్పలేదే. ఏమంటున్నాడు?"

"లోపల పెద్ద ఫైట్ జరుగుతోందట ఆంటీ. ఎవరైనా వింటున్నారా అని అడుగుతున్నాడు."

ఆవిడ శ్రుతిపెట్టె ఆపేశారు. "మా ఆయన పోయినప్పుడు నాకూ ఇలాగే అరవాలనిపించింది. అందరూ నువ్వు స్ట్రాంగ్ అని మెచ్చుకుంటుంటే నోరు పెగల్లేదు. నువ్వు రాయి. ఉగాదికి పాడు."

రాశాను, ఇంగ్లీషులోనే. గిటార్ పట్టుకుని మా తెలుగు సంఘం ఉగాది స్టేజీ ఎక్కాను. మొదటి చరణమంతా నా చీకటి. రెండోది, తెల్లారితే తలుపు తీస్తానన్న మాట. చప్పట్లు నాకక్కర్లేదు, ఆ రెండో చరణం అమ్మ వింటే చాలు.

మొదటి చరణం అవుతుండగానే కల్చరల్ కమిటీ అంకుల్ మైక్ అందుకుని, "డిన్నర్ రెడీ అండీ, చిన్నపిల్లలున్నవాళ్ళు ముందు రండి," అన్నారు. నచ్చని ఐటమ్‌ని ఆపడానికి మావాళ్ళు కనిపెట్టిన మర్యాద అది. తిట్టరు, వడ్డిస్తారు. నా బాధ కంటే గుత్తి వంకాయ ముఖ్యం కాబోలు, హాలంతా లేచింది. అమ్మ కూడా లేచింది.

నేను ఆపేశాను. సుధ ఆంటీ ఒక్కరే జనానికి ఎదురు నడిచి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

"ఆపావేం? రెండో చరణం ఉందిగా."

"ఎవరూ లేరాంటీ."

"నేను మనిషిని కానా? పాడు."

ఆవిడ తొడమీద తాళం వేస్తుంటే కళ్ళు మూసుకుని పాడాను. తెరిచేసరికి ఆంటీ పక్కన అమ్మ ఉంది, చేతిలో ఖాళీ ప్లేటుతో. ఇంటికొస్తూ కార్లో అంది: "రేపు డాక్టర్‌కి కాల్ చేస్తాను. మైగ్రేన్ అని చెప్పనులే."

పిల్లల్ని చెడగొడుతోందని ఆ వేసవికల్లా తమ పిల్లల్ని మానిపించి ఆంటీ క్లాసు సగం ఖాళీ చేశారు, ఆ రోజు డిన్నర్‌కి లేచిన పెద్దమనుషులే. "పోనీలే, చోటు మిగిలింది. నీ గిటార్ యాంప్ తెచ్చి పెట్టుకో," అని నవ్వారావిడ. నాకైతే ఇప్పటికీ నవ్వు రాదు.

మొన్న కూడా అందరూ ప్లేట్ల కోసం లేచారు. స్టేజీ మీద ఆ పిల్ల ఆగిపోయింది. నేను జనానికి ఎదురు నడిచి, ముందు వరసలో కూర్చుని ఆ పిల్లని అడిగాను.

"ఇంకో చరణం ఉందా, అమ్మా?"