ఏడో గుర్తు

దారిలో బస్సు చెడిపోయి అందరం దిగితే, ఒకాయన మాత్రం పక్కనున్న కొండరాతికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఏమయ్యా, కొండకి జ్వరమొచ్చిందా?" అన్నాను.

నవ్వాడు. ఆఫీసులో ఆయన్ని థర్మామీటరు బాబాయ్ అంటారట.

ముందున్న సొరంగం గోడల్లో నీళ్ళ గొట్టాలున్నాయి. రాతిలోని వేడిని అవి ఇళ్ళకు మోసుకెళతాయి. ఇరవై రెండేళ్ళుగా ఈయన నెలనెలా ఆ గోడ మీద వరసగా గీసిన గుర్తుల దగ్గర వేడి కొలుస్తున్నాడు. పోగొట్టుకున్న వేడిని రాయి తిరిగి తెచ్చుకోవడం మహా నిదానమని నేనెక్కడో చదివాను. గోడంతా ఏటేటా చల్లబడుతూనే ఉందట, ఏడో గుర్తు దగ్గర తప్ప.

"సొరంగం తవ్వేటప్పుడు మా అన్న అక్కడే కూరుకుపోయాడండీ. మనిషి దొరకలేదు. అందుకే అక్కడ పక్క గుర్తు అంకె రాసేస్తుంటా. అసలుది రాస్తే ఇక్కడెందుకు చల్లబడలేదని గోడ తొలిచి చూస్తారు."

"లోపల వేడినీటి ఊటేదో ఉండుంటుంది," అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

"నేనూ అదే అనుకుంటా. కానీ తొలిస్తే ఊటేనని తేలిపోతుంది. మరి ఇన్నేళ్ళూ నేను చెయ్యి పెట్టి పలకరించింది ఎవర్నండీ?"

ఆయన చెయ్యి దులుపుకుని సొరంగం వైపు నడిచిపోయాడు.