తల ఊపినవాళ్ళు గ్లాసులు కడగాలి

“అటు కూర్చోకు తమ్ముడూ, ఎడమపక్కన నాకు ఊరే లేదు. ఇటు రా. కిటికీకి వీపు పెట్టకు, మొహం నల్లగా కనిపిస్తుంది. పెదాలు కనపడాలి కదా! కుర్చీ ఇంకాస్త తిప్పు. ఆఁ, అలాగ. ఇప్పుడు చెప్పు, ఏమిటి అడిగావు?”

నేనింకా ఏమీ అడగలేదు. ఆ మాటే చెప్పాను.

“అడగలేదా! అడిగావేమో, నాకే వినపడలేదేమో అని ముందే జాగ్రత్తపడ్డా,” అని పెద్దగా నవ్వింది. ఆవిడ నవ్వు ఎప్పుడూ కాస్త పెద్దదే. తనకు వినపడేంత నవ్వుకోవాలి కదా మరి.

వీధిలో అందరూ ఆవిడను ప్రెస్సక్క అంటారు. పెళ్ళికి ముందు నుంచీ ఒక అచ్చాఫీసులో కాగితాలు మడతపెట్టే మిషన్ దగ్గర పనిచేసింది. ఆ ధడధడలో చెవులు ఎప్పుడు వెళ్ళిపోయాయో ఆవిడకే తెలియదు. “మిషన్ పాతబడింది, శబ్దం తగ్గింది అనుకునేదాన్ని. తగ్గింది మిషన్ కాదు, నేను,” అంటుంది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి చెవి మిషన్ పెట్టుకుంటుంది. ఇప్పుడు ఇంట్లోనే చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తుంది. వెన్ను విరిగిన నా పాత పుస్తకం ఒకటి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు పరిచయం. పుస్తకం బాగై చాలా కాలమైంది. నేను వెళ్ళడం మాత్రం మానలేదు.

ఆ గదిలో ఒక పెద్ద చెక్క బల్ల, జిగురు గిన్నె, దారపు ఉండలు, అట్టల మీద బరువుకు పెట్టిన ఇనప దిమ్మ. బల్ల మీద ఫోను. ఎవరైనా మెసేజ్ పెడితే బల్ల సన్నగా వణుకుతుంది, ఆవిడకు మోచేతిలో తెలుస్తుంది. ఆ ఫోను రోజంతా వణుకుతూనే ఉంటుంది. ఎందుకంటే ప్రెస్సక్క ఒక గ్రూపును నడుపుతుంది. వినికిడి తగ్గినవాళ్ళ గ్రూపు. దాని పేరు ‘ఏమన్నారు?’

“మా అమ్మాయి పెట్టించింది. నన్ను వదిలించుకోవడానికేలే! ‘అమ్మా, నాతో చెప్పే కబుర్లన్నీ అక్కడ చెప్పు’ అంది. చెప్పా. అక్కడ అందరూ నాలాంటి వాగుడుకాయలే. చదువుకునేదానికి చెవులతో పనేముంది? పొద్దున లేస్తే జోకులు, దెప్పిపొడుపులు, ఒకళ్ళ చెవి మిషన్ కుక్క నమిలిందని ఇంకొకళ్ళ ఓదార్పులు. ఇంత సరదాగా ఉన్నవాళ్ళం కదా, ఒకసారి కలుద్దామా అన్నాను. నోరు ఊరుకోదుగా నాది.”

అలా మొదటిసారి కలుసుకునే ఏర్పాటు ఆవిడే చేసింది. బస్టాండు దగ్గర కొత్తగా కట్టిన టీ హోటల్లో. అద్దాల గోడలు, నున్నటి రాళ్ళ నేల, పొడుగాటి బల్ల. అందరికీ సులువుగా దొరికే చోటు అని మురిసిపోయింది.

“దొరికారు. అందరూ వచ్చారు. కూర్చోగానే మొదలైంది చూడు! స్టీలు గ్లాసులు ఒకదానిలో ఒకటి పడేసే చప్పుడు, కుర్చీ కాళ్ళు ఈడ్చే చప్పుడు, పైన ఫ్యాన్లు. చెవి మిషన్‌కి మనిషి గొంతూ గ్లాసూ ఒకటే తమ్ముడూ, రెండింటినీ పెంచి పెడుతుంది. తల పగిలిపోతోంది. మెల్లిగా మిషన్ కట్టేశా. మిగతావాళ్ళకి వినపడుతోందిలే, నా ఒక్కదాని కోసం అందరి సరదా ఎందుకు చెడగొట్టాలి అనుకున్నా. ఎవరు నోరు కదిపితే వాళ్ళ వైపు తిరగడం, తల ఊపడం, పక్కవాళ్ళు నవ్వితే నవ్వడం. మనకి అలవాటైన విద్యే కదా!”

“ఇంటికెళ్ళాక?”

“ఇంటికెళ్ళాక గ్రూపంతా పొగడ్తలు. ‘ఎంత చక్కగా మాట్లాడుకున్నాం!’ ‘ఇన్నాళ్ళకి మనసు విప్పి మాట్లాడా!’ నేను కూడా పెట్టాను, దాచుకోవడమెందుకు. పువ్వుల బొమ్మలు కూడా పెట్టా.”

మర్నాడు గడియారాల ఆయన ఒక మెసేజ్ పెట్టాడు. గడియారాలు బాగుచేసే పెద్దమనిషి ఆయన. మూతి ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది, ఏడుస్తున్నా సరే. ‘ఒక్క సందేహం. నిన్న నేను చెప్పింది ఎవరికైనా వినపడిందా?’ అని అడిగాడు.

గ్రూపు మొట్టమొదటిసారి చప్పుడు లేకుండా ఉండిపోయింది.

తర్వాత ఒక్కొక్కరే బయటపడ్డారు. నాకు వినపడలేదంటే నాకు వినపడలేదని. ఆ బల్ల చుట్టూ ఒక్కరు మిగలకుండా చెవి మిషన్లు కట్టేసుకుని కూర్చున్నారట! పక్కవాళ్ళకి వినపడుతోందన్న నమ్మకంతో ఎవరికి వారు తల ఊపారు. సాయంత్రమంతా ఎవరూ ఎవరినీ వినలేదు.

ఇది చెబుతూ ప్రెస్సక్క కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది. నేనూ నవ్వాను. అంతలో ఆవిడే ఆగి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఆయనేం చెప్పాడో తెలుసా? మా ఆవిడ పోయి నెలైంది అని చెప్పాడట. అప్పుడు మేమంతా నవ్వాం. నేనైతే చేత్తో బల్ల చరిచి మరీ నవ్వా. ‘నాకు కోపం రాలేదమ్మా, మీరు చెప్పినవాటికి నేనూ అలాగే నవ్వాను’ అని రాశాడు. తిట్టినా బాగుండేది.”

జిగురు గిన్నె మీద మూత సరిచేసింది.

“ఇంకొకటుంది,” అంది తర్వాత. “పంతులమ్మ.”

ఆ గ్రూపులో అందరికన్నా చిన్నది పంతులమ్మ. బడిలో పాఠాలు చెప్పేది. ఒక జ్వరం వచ్చి తగ్గేసరికి వినికిడి పోయింది. పిల్లలు ఏం అడుగుతున్నారో తెలియక ఉద్యోగం మానేసింది. ఇంట్లో ‘ఏమన్నారు?’ అని అడిగితే ‘ఏం లేదులే’ అంటారట. అడగడం కూడా మానేసింది. అడగడం మానేశాక మాట్లాడడం కూడా. గ్రూపులో మాత్రం అప్పుడప్పుడు ఒక వాక్యం రాసేది. హోటలుకి ఆమె కూడా వచ్చింది. మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ప్రెస్సక్క ఒక్కదానికే రాసింది: ‘ఇంట్లోనూ ఇలాగే నవ్వుతూ కూర్చుంటాను అక్కా. దానికోసం రెండు బస్సులు మారి రావాలా?’

“నా గుండె మీద రాసినట్టుంది ఆ మాట. ఆమె ఒక్కతే నిజం చూసింది. ఆ తర్వాత గ్రూపులో కూడా రాయడం మానేసింది. ఎన్ని పెట్టినా జవాబు లేదు.”

అప్పటినుంచి ప్రెస్సక్క పద్ధతి మార్చింది. రెండు నియమాలు పెట్టింది. ఒకటి, వినకుండా తల ఊపినవాళ్ళు అందరి టీ గ్లాసులూ కడగాలి. రెండు, ‘ఏం లేదులే’ అన్నవాళ్ళు కూడా వాళ్ళతోపాటే కడగాలి. గడియారాల ఆయన రెండుసార్లు కడిగాడట, చాలా శుభ్రంగా.

నియమాలు సరే, చోటు? చోటు వెతకడంలోనే తల ప్రాణం తోకకొచ్చింది. స్కూలు వ్యాన్ నడిపే భర్తను వెంటేసుకుని తిరిగేది. ఏ గదిలోకి వెళ్ళినా ముందు గది మోగుతుందేమోనని చప్పట్లు కొట్టేది. తర్వాత ఆయన్ని అవతల గోడ దగ్గర నిలబెట్టి, పొద్దున ఏం తిన్నారో చెప్పమనేది. ‘ఊరందరికీ నా తిండి సంగతి తెలిసిపోయింది’ అని ఆయన గొణుక్కునేవాడు. పార్కులో గాలి హోరు. ఎవరి డాబా మీదికెళ్ళినా రోడ్డు. చివరికి గ్రంథాలయంలో ఒక చిన్న గది దొరికింది. కింద తివాచీ, గోడలనిండా పుస్తకాలు, మాట అక్కడే నిలిచేది. అక్కడ బాగా నడిచింది. వచ్చినవాళ్ళు గ్రూపులో రాసిన సంగతులు చదివి, చదివి, పంతులమ్మ ఒకరోజు ఉన్నట్టుండి రాసింది: ‘ఈ ఆదివారం వస్తాను. ఇదే ఆఖరు.’

“రాసిందా? రాసిన మర్నాడే గ్రంథాలయంలో మరమ్మతు మొదలు. గోడలకి డ్రిల్లింగ్! నేను లోపలికెళితే పళ్ళు జివ్వుమన్నాయి. చెవిటిదాన్ని, నాకే వినపడింది చూడు!”

“మరి?”

“మరేముంది, మా ఆయన మెడనొప్పి కాపాడింది.”

భర్తకు మెడ పట్టేస్తే దిండు కొనడానికి ఇద్దరూ పరుపుల కొట్టుకి వెళ్ళారు. కొట్టు వెనక గోడౌన్. గోడ పొడవునా కప్పుదాకా దూది పరుపులు నిలబెట్టి ఉన్నాయి. ఆవిడ దిండ్లు నొక్కి చూస్తుంటే, భర్త వెనక నిలబడి తనలో తను అనుకున్నాడు.

“ఏమన్నాడో తెలుసా? ‘దిండు కొనడానికొచ్చి పిండి పిసుకుతుందేమిటి ఈవిడ’ అన్నాడు. నేను వెనక్కి తిరక్కుండానే, ‘పిసికితేనేగా లోపల దూదో చెత్తో తెలిసేది’ అన్నా. ఆయన బిక్కచచ్చిపోయాడు పాపం! ఇన్నేళ్ళుగా నా వెనక ఎన్ని గొణుక్కున్నాడో, అవన్నీ గుర్తొచ్చి ఉంటాయి.”

అప్పుడే భర్త మెట్లెక్కి లోపలికొచ్చాడు. వ్యాన్ తాళాలు మేకుకి తగిలించి, ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడాడు. వెనకనుంచి మాట్లాడే మనిషి కాదిక. “చెప్పేసిందా దిండు కథ? ఇంకా చెప్పలేదేమో, అక్కడ పరుపుల మీద కూలబడి, ‘ఇంకేమైనా గొణగండి, ఇంకేమైనా గొణగండి’ అని గంట కూర్చుంది. కొట్టువాడు మా ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు, ఏదో అయిందని.”

“మీ గొంతు విని ఎన్నాళ్ళైంది? ఇంత బాగుంటుందని మర్చిపోయా.”

“ఇకనుంచి పరుపుల కొట్లోనే కాపురం పెడదాంలే,” అని ఆయన వంటింట్లోకి తప్పుకున్నాడు. చెవులు ఎర్రబడడం నేను చూశాను.

కొట్టు యజమానిని ఒప్పించడం అంత తేలిక కాలేదు. ఆదివారం గోడౌన్ ఇమ్మంటే, ‘పరుపులు కొంటారా?’ అని అడిగాడు. ‘కొనం, కూర్చుంటాం’ అంది. చివరికి సరేనన్నాడు గానీ, ప్లాస్టిక్ తొడుగులు తీయనన్నాడు. ప్లాస్టిక్ గరగరలాడితే చెవి మిషన్ పెట్టుకున్నవాళ్ళకి అడవి తగలబడుతున్నట్టే. అందుకని ఆ తొడుగుల మీద పరవడానికి ఎవరింట్లోంచి వాళ్ళు పాత దుప్పట్లు తెచ్చుకోవాలని గ్రూపులో చెప్పింది.

అంతా కుదిరిందన్నమాట అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

“గోడౌన్ గోడకి అవతల పళ్ళరసం కొట్టుంది. మిక్సీ సరిగ్గా ఆ గోడకే ఆనుకుని ఉంది. వేశాడంటే పరుపులూ దుప్పట్లూ ఏం చేస్తాయి? ఆదివారం సాయంత్రం కాసేపు ఆపగలరా అని కాగితం మీద రాసి పట్టుకెళ్ళా. చదివాడు. చదివి, నోటితో జవాబు చెప్పాడు! ఆ మీసాలు చూశావుగా, వాటి వెనక పెదాలున్నాయో లేదో దేవుడికే తెలియాలి.”

“మళ్ళీ చెప్పమనకపోయారా అక్కా?”

ఆవిడ బల్ల మీద దారపు ముక్కలు ఏరింది. ఏరినవాటిని మళ్ళీ అక్కడే పెట్టింది.

“తల ఊపాను,” అంది.

వంటింట్లోంచి గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆవిడకు కాదు, నాకు.

“నియమం పెట్టినదాన్నే ఊపాను. వెనక జనం నిలబడి ఉన్నారు, అతను చేతిలో కత్తి పట్టుకుని చూస్తున్నాడు, మెడ దానంతటదే ఊగింది. నవ్వాను కూడా. ఒప్పుకున్నాడో, పొమ్మన్నాడో, మిక్సీ నన్నే కొనుక్కోమన్నాడో! మళ్ళీ వెళ్ళి ఏమన్నారు అని అడగడానికి మొహం చెల్లడం లేదు. మా ఆయన్ని పంపుదామంటే, వ్యాన్ నిలిపే చోటు దగ్గర గొడవపడ్డాక వాళ్ళిద్దరికీ మాటల్లేవు.”

బల్ల సన్నగా వణికింది. ఆవిడ ఫోను తిప్పి చూసి, నా ముందు పెట్టింది. పంతులమ్మ. ‘గది నిజంగా నిశ్శబ్దంగా ఉంటుందా అక్కా? ఉంటుందంటేనే బయల్దేరతాను.’

“పొద్దున్నుంచీ ఇది రెండోసారి అడగడం. ఉంటుంది అని రాయడానికి ఎంతసేపు? రాసేస్తే వస్తుంది కూడా. వచ్చి కూర్చున్నాక అవతల మిక్సీ మొదలైతే? మళ్ళీ ఆమె నవ్వుతూ కూర్చోవాలి, మేం నవ్వుతూ చూడాలి. ఇంకెప్పుడూ రాదు. నాకే తెలియకుండా ఆమెకి తల ఊపలేను తమ్ముడూ, ఇంకొకసారి.”

ఏమైనా సహాయం కావాలంటే చెప్పమని నేను అనబోతున్నాను. ఆవిడ నా పెదాలు కదలడం చూసి, మాట పూర్తయ్యేలోపే లేచింది. కుర్చీ వెనక వేలాడుతున్న నా సంచి తీసి చేతికిచ్చింది.

“లే మరి. చీకటి పడితే కొట్టు కట్టేస్తాడు. వెళ్ళి, ప్రెస్సక్క పంపిందని చెప్పు, నీ జవాబు ఆవిడకి వినపడలేదు, ఊరికే తల ఊపిందని చెప్పు. దాచకు. ఆదివారం సాయంత్రం మిక్సీ ఆపుతాడో లేదో సూటిగా అడుగు. కుదరదంటే, మధ్యాహ్నమే రసాలు తీసి పెట్టుకుంటాడేమో అడుగు. అతను ఏమన్నాడో వచ్చి నాకు చెప్పు, కుడిపక్కన నిలబడి. కుదరదంటే కుదరదన్నాడనే చెప్పు. అంతేగానీ మెట్లెక్కి వచ్చి ‘ఏం లేదులే అక్కా’ అన్నావంటే, ఆదివారం గ్లాసులు నాతోపాటు నువ్వూ కడగాల్సిందే.”